పారమట్టా చుట్టుపక్కల పాత సామాను సంతలు: ఏది కొనాలి, ఏది ముట్టుకోవద్దు

ఎపిసోడ్‌లో పాత సామాను సంతల గురించి మాట్లాడుతుంటే టైం అయిపోయి మధ్యలోనే ఆపేశాం. ఆ తర్వాత చాలా మెసేజ్‌లు వచ్చాయి. కొత్తగా వచ్చిన తమ్ముళ్లు "అన్నా, ఖాళీ ఇల్లు తీసుకున్నం, సామాను ఎక్కడ చవగ్గా దొరుకుతది" అని అడిగారు. ఏళ్లుగా ఇక్కడున్నవాళ్లు "ఊరికి పోయేటప్పుడు ఇక్కడి పాత వస్తువులు పట్టుకపోవచ్చా? మా అమ్మమ్మ ఇత్తడి సామాను ఇక్కడికి తెచ్చుకోవచ్చా?" అని అడిగారు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా. నేను ఐటీఐ చదివి సైటు పనిలోకి వచ్చినవాణ్ణి, ఇప్పుడు సూపర్‌వైజర్‌ని. కాబట్టి కర్ర, ఇనుము, కరెంటు, పెయింటు వైపు నుంచి చెప్తా. గోడకి ఏ రంగు బొమ్మ బాగుంటుందో నన్ను అడగకండి, అది మా ఆవిడ శాఖ.

ముందు ఇక్కడి పేర్లు తెలియాలి. ఆప్ షాప్ అంటే ఆపర్చునిటీ షాప్. జనం తమకి అక్కర్లేని సామాను ఊరికే ఇచ్చిపోతారు, సేవా సంస్థ దాన్ని అమ్మి ఆ డబ్బుతో పేదలకి సాయం చేస్తుంది. సాల్వోస్, విన్నీస్, రెడ్ క్రాస్, లైఫ్‌లైన్ అన్నీ ఈ కోవలోవే. కౌంటర్ దగ్గర నిలబడే పెద్దావిడ చాలాసార్లు జీతం లేకుండా పనిచేసే వాలంటీర్. అందుకే అక్కడ బేరం ఆడకండి, బాగుండదు. గ్యారేజ్ సేల్ అంటే ఒక ఇంటివాళ్లు శనివారం పొద్దున తమ వాకిట్లోనే సామాను పెట్టి అమ్మడం. కరెంటు స్తంభానికి అట్టముక్క కట్టి బాణం గుర్తు వేస్తారు. 'డిసీజ్డ్ ఎస్టేట్' అని రాసుంటే ఆ ఇంట్లో పెద్దవాళ్లు పోయారని, పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తున్నారని అర్థం. మంచి కర్ర సామాను ఎక్కువగా ఇలాంటి ఇళ్లలోనే దొరుకుతుంది. కాస్త మర్యాదగా మాట్లాడండి, అది వాళ్ల అమ్మ వాడిన అల్మారా అయ్యుంటుంది.

ఇక కౌన్సిల్ క్లీనప్. ఇంటి ముందు రోడ్డు పక్కన సోఫాలు, పరుపులు, బల్లలు కుప్పగా పడుంటాయి కదా, అవి కౌన్సిల్ లారీ కోసం పెట్టినవి. మనవాళ్లు చాలామంది మొదటి బల్ల అక్కడి నుంచే తెచ్చుకున్నారు. అయితే అందులోంచి తీసుకోవచ్చా లేదా అన్నది అన్ని కౌన్సిళ్లలో ఒకేలా ఉండదు. మీ కౌన్సిల్ వెబ్‌సైట్లో ఒకసారి చూస్కోండి. తీసుకున్నా గుడ్డ, దూది, స్పంజి ఉన్నది ఏదీ తేవద్దు. నల్లులు ఒక్కసారి ఇంట్లోకి వచ్చాయంటే ముగ్గురు కలిసి ఉండే షేరింగ్ ఫ్లాట్‌లో అందరి పరుపులూ పోతాయి. పరుపు మాత్రం ఎంత కష్టమైనా కొత్తదే కొనండి.

సంతలంటారా, పారమట్టా నుంచి దగ్గర్లోనే రెండున్నాయి. శనివారం ఫెయిర్‌ఫీల్డ్ షోగ్రౌండ్‌లో ఒకటి, ఆదివారం పొద్దున ప్రాస్పెక్ట్‌లోని బ్లాక్‌టౌన్ డ్రైవ్-ఇన్ సినిమా స్థలంలో ఒకటి. రెండూ పనివాళ్ల సంతలే. కూరగాయలు, పనిముట్లు, పాత గిన్నెలు, సైకిళ్లు అన్నీ కలిసే ఉంటాయి. సిటీ వైపు పోతే రోజెల్ పబ్లిక్ స్కూల్లో వారాంతాల్లో కలెక్టర్స్ మార్కెట్ నడుస్తుంది. అక్కడ అమ్మేవాళ్లకి సరుకు తెలుసు కాబట్టి ధర కూడా తెలిసే చెబుతారు. ప్యాడింగ్టన్ మార్కెట్ 1973 నుంచి ఉంది కానీ ఇప్పుడక్కడ పాత వస్తువుల కంటే కొత్తగా చేతితో చేసినవే ఎక్కువ, జేబు బరువు చూసుకుని వెళ్లండి. మారిక్‌విల్‌లో అడిసన్ రోడ్ మీద రివర్స్ గార్బేజ్, ది బోవర్ అని రెండున్నాయి. పారేయాల్సిన వస్తువుల్ని బాగుచేసి, మళ్లీ వాడకంలోకి తేవడమే వాళ్ల పని. ఏ సంతకైనా బయల్దేరే ముందు ఆ వారం ఉందో లేదో ఫోన్లో చూసుకోండి. వాన పడితే బయట పెట్టేవాళ్లు సగం మంది రారు.

మిగతా దేశాల్లో ఉన్నవాళ్లకి కూడా ఇది కొత్తేం కాదు. కువైట్‌లో అల్ రాయ్ దగ్గర శుక్రవారం సంత, మనవాళ్లు 'సూక్ అల్ జుమా' అంటారు, అక్కడ తివాచీ నుంచి తాళంచెవి దాకా దొరుకుతుంది. సింగపూర్‌లో సుంగై రోడ్ సంత 2017 జూలై 10న మూసేశారు, అక్కడ పనిచేసిన పాతవాళ్లు ఇంకా దాని ముచ్చట్లు చెబుతారు. మన హైదరాబాద్‌లో జుమేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత ఉండనే ఉన్నాయి. ఊరు ఏదైనా అలవాటు ఒకటే: పొద్దున్నే పోతే సరుకు, సామాను సర్దేసే టైంకి పోతే ధర.

కర్ర సామాను చూసే పద్ధతి

పారమట్టాలో ఉన్నవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. డబ్బు పెట్టే ముందు కళ్లకి పాఠం నేర్పుకోవచ్చు. పారమట్టా పార్క్‌లోని ఓల్డ్ గవర్నమెంట్ హౌస్‌లో ఆస్ట్రేలియా తొలినాళ్ల అసలు ఫర్నిచర్ ఉంది. పాత జాయింట్, పాత పాలిష్, చేత్తో కోసిన చెక్క ఎలా ఉంటాయో అక్కడ చూడండి. ఆ ఇల్లు 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి కూడా వెళ్లింది. ఎలిజబెత్ ఫార్మ్ ఇంకో రకం. 1793లో మొదలుపెట్టిన ఇల్లు అది, కానీ లోపల సామాను నకళ్లు. కాబట్టి కుర్చీలో కూర్చోవచ్చు, సొరుగులు లాగి చూడొచ్చు, ఎవరూ ఏమీ అనరు. పిల్లల్ని తీసుకెళ్లడానికి కూడా అదే నయం.

ఇక్కడ పాత సామానులో ఎక్కువ గొప్పగా చెప్పుకునేది రెడ్ సెడార్. పంతొమ్మిదో శతాబ్దంలో 'ఎర్ర బంగారం' అని పిలిచి అడవులు అడవులే నరికేశారు. అదే జాతి చెట్టు మన దేశంలో కూడా పెరుగుతుంది. చెక్క ఎర్రగా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే అనుకున్నదాని కంటే తేలిక. అయితే సంతల్లో మన చేతికి అందే ధరలో దొరికేది అది కాదు, 1950 నుంచి 1970ల దాకా వచ్చిన టేకు సామాను. పార్కర్ లాంటి ఆస్ట్రేలియా కంపెనీలవి. సన్నని కాళ్లు, గుండ్రటి అంచులు ఉంటాయి. కొన్నింటికి సొరుగు లోపల కంపెనీ ముద్ర ఉంటుంది.

బల్లనైనా అల్మారానైనా పైనుంచి చూసి మోసపోవద్దు, పైన పాలిష్ ఎవరైనా వేస్తారు. సొరుగు పూర్తిగా బయటికి లాగి తిరగేసి చూడండి. మూలల్లో పలకలు ఒకదాంట్లోకి ఒకటి వేళ్లు జొనిపినట్టు కలిసుంటే డవ్‌టెయిల్ జాయింట్, అంటే వడ్రంగి కష్టపడ్డాడని అర్థం. ఆ వేళ్లన్నీ అచ్చు ఒకే కొలతలో ఉంటే మెషిన్ పని. కొంచెం తేడాగా ఉండి, పక్కన రంపం గీత కనబడితే చేతి పని. మేకులు, స్టేపుల్ పిన్నులు మాత్రమే ఉంటే మామూలు సామాను. స్క్రూలు చూడండి. నక్షత్రం గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూలు 1930ల తర్వాతే వచ్చాయి. వందేళ్ల నాటి పెట్టె అని చెప్పి, లోపలన్నీ ఆ స్క్రూలే కనబడితే ఎవరో తర్వాత బాగుచేసి ఉండాలి, లేదా మాటే అబద్ధం అయ్యుండాలి.

తర్వాత అడుగుభాగం. చిప్‌బోర్డ్ అయితే తడి తగిలిన చోట పూరీలా ఉబ్బుతుంది, అది ఇక బాగవదు, వదిలేయండి. అదే పైన పల్చటి టేకు వెనీర్ వేసిన మంచి ప్లైవుడ్ అయితే భయపడక్కర్లేదు, ఆ రోజుల్లో మంచి కంపెనీలు కూడా అలాగే చేశాయి. సన్నటి గుండుసూది బెజ్జాలు కనబడితే కింద పిండిలాంటి పొడి రాలుతోందా అని చూడండి. పొడి తాజాగా, తెల్లగా ఉంటే పురుగు ఇంకా లోపలే ఉంది. బెజ్జం లోపల మురికి పట్టి నల్లబడితే పాత గాయం. ఆఖరున బల్ల రెండు ఎదురు మూలలు పట్టుకుని ఊపండి. జాయింట్ ఊగితే జిగురుతో, క్లాంపుతో సరిచేయొచ్చు. కాలి కర్ర చీలితే మాత్రం పని ఎక్కువ.

ఇంకో మాట, జేబులో టేపు లేకుండా వెళ్లొద్దు. ఫ్లాట్ లిఫ్ట్ ఎంత, తలుపు ఎంత, మెట్ల మలుపు ఎంత, ఈ మూడు కొలతలూ ఫోన్లో రాసిపెట్టుకోండి. మా సైట్లో ఒక తమ్ముడు ముచ్చటపడి కొన్న అల్మారా మూడో అంతస్తు మలుపు దగ్గర ఇరుక్కుపోతే నలుగురం పోయి కిందికి దించాం. ఎత్తైన అల్మారా, పుస్తకాల రాక్ గోడకి బిగించాలి, పిల్లలు సొరుగులు పట్టుకుని ఎక్కితే ముందుకు పడిపోతుంది. అద్దె ఇల్లయితే స్క్రూ కొట్టే ముందు ఏజెంట్‌ని మెయిల్లో అడగండి, నోటిమాట సరిపోదు.

ఉచితంగా ఇచ్చినా తేవద్దు

ఇది నా పనికి సంబంధించింది కాబట్టి కొంచెం గట్టిగా చెప్తా. ఆస్ట్రేలియాలో ఆస్‌బెస్టాస్‌ని పూర్తిగా నిషేధించింది 2003 డిసెంబర్ 31 నుంచి. అంతకు ముందు కట్టిన ఇళ్లలో, ముఖ్యంగా మన వెస్టర్న్ సిడ్నీలోని పాత 'ఫైబ్రో' ఇళ్లలో అది ఇంకా ఉంది. పాత రేకు ముక్క, బూడిద రంగు పలక, పాత గోడ హీటర్, పాత ఇస్త్రీ బల్ల కింద మెత్త, ఇలాంటివి 'వింటేజ్' అని ముచ్చటపడి ఇంటికి తేవద్దు, కోయొద్దు, రంధ్రం వేయొద్దు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు బయటపడటానికి దశాబ్దాలు పట్టొచ్చు. అనుమానం వస్తే చేత్తో ముట్టుకోకుండా వదిలేయడమే.

రెండోది సీసం పెయింటు. 1970కి ముందు నాటి ఇళ్ల తలుపులు, కిటికీలు, రంగేసిన కుర్చీలు, బల్లల మీద సీసం కలిసిన రంగు ఉండే అవకాశం ఎక్కువ. పాత తలుపు కొని, బాల్కనీలో సాండర్ పెట్టి గీకేసి, కొత్త రంగు వేసి బల్లగా మార్చుకుందాం అని యూట్యూబ్ చూసి చాలామంది మొదలుపెడతారు. పొడిగా గీకితే ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది. పాకే పిల్లలు ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. సీసం ఎక్కువగా దెబ్బతీసేది పిల్లల మెదడునే. హార్డ్‌వేర్ షాపులో సీసం టెస్ట్ కిట్ దొరుకుతుంది, గీకే ముందు అది వాడండి. పెయింటు పొరలు పొరలుగా లేస్తున్న వస్తువు అయితే టెస్ట్ కూడా అక్కర్లేదు, కొనొద్దు.

పసిపిల్లల మంచం, అదే కాట్, పాతది కొనకపోతేనే మంచిది. కొనాల్సి వస్తే టేపు తీయండి. చువ్వల మధ్య సందు 50 నుంచి 95 మిల్లీమీటర్ల లోపల ఉండాలి. పరుపు పెట్టాక పక్కల ఖాళీ 20 మిల్లీమీటర్లకి మించకూడదు. అంతకంటే ఎక్కువుంటే పిల్లల తల, ఒళ్లు ఇరుక్కుంటాయి. ఎంత చక్కటి నగిషీ ఉన్నా, ఎవరు ప్రేమగా ఇచ్చినా ఆ కొలత తప్పితే వద్దనే చెప్పండి.

కరెంటు దీపాలు, ఫ్యాన్లు, రేడియోల సంగతి కూడా అంతే. మన సైట్లో డ్రిల్లింగ్ మెషిన్‌కి మూడు నెలలకోసారి టెస్ట్ చేసి రంగు ట్యాగ్ కట్టనిదే ప్లగ్ పెట్టనివ్వం కదా, ఇంట్లో పిల్లల పక్కన పెట్టే దీపానికి అంత కూడా వద్దా? వైరు మీద గుడ్డ చుట్టి ఉంటే, ప్లాస్టిక్ పెళుసుగా విరిగిపోతుంటే ముందు ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. దీపం షేడ్, స్టాండ్ నచ్చితే కొనండి, వైరింగ్ మాత్రం కొత్తది వేయించుకోవాలి అనుకునే ధర కట్టండి.

మన ఇత్తడి, ఇక్కడ షెల్ఫ్ మీద

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. ఏ ఆప్ షాప్‌కి పోయినా ఒక మూల ఇత్తడి సామాను ఉంటుంది: పూలకుండీలు, పళ్లేలు, గంటలు, చిన్న చిన్న ఏనుగులు. తిరగేస్తే అడుగున 'ఇండియా' అని ముద్ర కనబడుతుంది. వీటిలో ఎక్కువ ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ నుంచి ఎగుమతి అయిన సరుకు, ఆ ఊరికి 'పీతల్ నగరి' అనే పేరే ఉంది. మన వైపు జనగామ దగ్గర పెంబర్తి, శ్రీకాకుళం వైపు బుడితి ఇత్తడి పనికి పేరున్న ఊళ్లు, రెండింటికీ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పని ఇక్కడ సంతల్లో నాకింతవరకు తగల్లేదు.

మా చిన్నప్పుడు వీధిలోకి స్టీలు సామానాయన వచ్చేవాడు. అమ్మ, అమ్మమ్మ ఇత్తడి బిందెలు, చెంబులు తూకం వేయించి స్టీలు గిన్నెలు తీసుకునేవాళ్లు. తోమే చాకిరీ తప్పుతుందని వాళ్ల సంతోషం. ఆ బిందెలన్నీ కొలిమిలోకి పోయాయి. ఇప్పుడు అచ్చం అలాంటి బిందె ఇక్కడ రోజెల్ సంతలో గొడుగులు పెట్టుకునే కుండీగా అమ్ముడవుతోంది. తిరగలి రాయి తోటలో పక్షులకి నీళ్లు పోసే తొట్టి అయింది. మన ఊళ్లో పాత ఇల్లు కూలిస్తే పొయ్యిలోకి పోయే చెక్కుడు ద్వారబంధాలు ఇక్కడ షోరూముల్లో వేల డాలర్ల చీటీలతో నిలబడ్డాయి. నవ్వొస్తుంది, కొంచెం కడుపులో కలుక్కుమంటుంది కూడా.

ఇత్తడి చూసే పద్ధతి సులువే. తాళంచెవుల గుత్తికి ఒక చిన్న అయస్కాంతం తగిలించుకోండి. అంటుకుందా, లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. అంటుకోకపోతే తర్వాత బరువు, గోడ మందం చూడండి. ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం. కంచు పళ్లాన్ని వేలి గోటితో తడితే మోత చాలాసేపు నిలుస్తుంది. అతుకుల దగ్గర బూడిద రంగు మచ్చలుంటే ఎప్పుడో సీసం కలిసిన సోల్డర్‌తో మాటు వేసి ఉండొచ్చు. అలాంటి పాత్రలో వండొద్దు, నీళ్లు కూడా తాగొద్దు. అసలు పాత ఇత్తడిలో వండాలంటే లోపల కళాయి ఉండాలి, లేకపోతే చారు, పులుసు లాంటి పుల్లటివి లోహాన్ని కరిగించుకుంటాయి. పారమట్టాలో కళాయి వేసే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. కాబట్టి ఇక్కడ కొన్నది అలంకారానికే అనుకోండి.

తోమడంలో ఒక చిక్కుంది. మనకి తెలిసింది చింతపండు, ఉప్పు. కానీ ఎగుమతి సరుకు మీద నల్లబడకుండా సన్నటి లక్క పూత వేసి ఉంటారు. దాని మీద చింతపండు రుద్దితే పూత లేచిన చోట మెరిసి, మిగతా చోట మచ్చలు మచ్చలుగా మిగులుతుంది. ముందు ఆ పూతని ఎసిటోన్‌తో తుడవాలి. కిటికీలు తెరిచి, గ్లవ్స్ వేసుకుని, దగ్గర్లో పొయ్యి లేకుండా చేయాలి. బీదర్ పని, అంటే నల్లటి లోహం మీద వెండి తీగ పొదిగినది, మన హైదరాబాద్‌లో అమ్ముతారే అది, దాన్నైతే అస్సలు తోమొద్దు. ఆ నలుపే దాని అందం, పాలిష్ పెడితే పోతుంది. ఒకసారి ఒక ఆప్ షాప్‌లో 'నల్ల లోహపు డబ్బా' అని చీటీ అంటించి 8 డాలర్లకి పెట్టారు. మెత్తటి గుడ్డతో తుడిస్తే చుట్టూ పూలతీగ బయటపడింది. అది ఇప్పుడు మా దేవుడి గూట్లో కుంకుమ భరిణె.

పాత విగ్రహం కనబడితే

ఇది మాత్రం నిదానంగా చదవండి. సంతలో, వేలంలో, మార్కెట్‌ప్లేస్‌లో ఒక్కోసారి రాతి ముక్క, పాత కంచు విగ్రహం "ఇండియన్ టెంపుల్ పీస్" అని కనబడుతుంది. తొంభై తొమ్మిది సార్లు అది కొత్తగా చేసి మట్టిలో పాతిపెట్టిన నకలే. ఆ మిగిలిన ఒక్కటే ప్రమాదం.

కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆస్ట్రేలియా అంతటి సంస్థే ఇందులో చిక్కుకుంది. న్యూయార్క్ వ్యాపారి సుభాష్ కపూర్ దగ్గర 2008లో ఒక చోళుల నాటి నటరాజ విగ్రహం కొన్నారు. అది తమిళనాడులోని శ్రీపురందన్ గుడి నుంచి దొంగిలించినదని తేలింది. 2014 సెప్టెంబర్‌లో అప్పటి ప్రధాని టోనీ అబాట్ స్వయంగా ఢిల్లీకి తీసుకొచ్చి అప్పగించారు. అదే వ్యాపారి నుంచి 2005లో కొన్న ఇంకో శిల్పం మనది. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్థలానికి చెందిన సున్నపురాయి పలక, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల శిల్పం, దాదాపు మూడో శతాబ్దం నాటిది. గుండ్లకమ్మ ఒడ్డు నుంచి పోయిన రాయి కాన్‌బెర్రాలో అద్దాల వెనక నిలబడి, 2016లో తిరిగి ఇండియాకి అప్పగించారు. కపూర్‌ని 2011లో జర్మనీలో పట్టుకుని మరుసటి ఏడాది ఇండియాకి పంపారు, 2022లో కుంభకోణం కోర్టు పదేళ్ల శిక్ష వేసింది. అంత పెద్ద గ్యాలరీకే కాగితాలు చూపించి అంటగట్టారంటే, సంతలో మనకి చెప్పే కథ ఎంత? ఎక్కడిది, ఎప్పుడు దేశం దాటింది, కాగితం ఏది అని అడగండి. తడబడితే దండం పెట్టి వచ్చేయండి.

ఇప్పుడు అమ్మమ్మ సామాను సంగతి. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన విగ్రహం, నాణెం, చిత్రం, కళాకృతి లాంటివి పురావస్తువు కిందికి వస్తాయి. చరిత్ర, సాహిత్యం, శాస్త్రం విలువ ఉన్న రాతప్రతులకి, తాళపత్రాలకి 75 ఏళ్లే లెక్క. వీటిని మామూలు మనిషి దేశం దాటించకూడదు. అది మీ సొంత ఆస్తి అయినా, తాతముత్తాతల నుంచి వచ్చినా సరే. ఎగుమతి చేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. "మా ఇంటి దీపపు సెమ్మె, మా ఇష్టం" అనే వాదన ఎయిర్‌పోర్టులో పనిచేయదు. చూడ్డానికి పాతగా ఉండి వందేళ్లు కాలేదనుకుంటే, ముందే ఆర్కియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చూపించి పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకునే పద్ధతి ఉంది. మనకి దగ్గరగా హైదరాబాద్‌లో వాళ్ల సర్కిల్ ఆఫీసు ఉంది, అక్కడ అడగండి. సెలవు రెండు వారాలే ఉంటుంది కాబట్టి ఊళ్లో దిగిన మొదటి రోజుల్లోనే ఆ పని పెట్టుకోండి, లేదా ఇంట్లోవాళ్లతో ముందే మొదలుపెట్టించండి. వందేళ్లు దాటింది అనిపిస్తే ఊళ్లోనే ఉంచండి. ఫోటో తీసి పెద్దగా ప్రింట్ వేయించి ఇక్కడ గోడకి పెట్టుకున్న అక్క ఒకరు నాకు తెలుసు, బాగుంది కూడా.

కొత్తగా చేసిన కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలకి ఈ గొడవ లేదు. కానీ ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు కర్రతో చేసిన ప్రతి వస్తువునీ ఇన్‌కమింగ్ ప్యాసింజర్ కార్డులో 'అవును' అని టిక్ చేయాలి. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్ర, ఆఫీసర్ తిప్పి చూస్తాడు, బెరడు, పురుగు లేకపోతే ఇచ్చేస్తాడు. టిక్ చేసి చూపిస్తే మహా అయితే వస్తువు పోతుంది. దాచి దొరికితే జరిమానా, విజిటర్, స్టూడెంట్, తాత్కాలిక వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకైతే వీసా రద్దయ్యే అవకాశం కూడా ఉంది. అమ్మానాన్నలు వస్తుంటే వాళ్లకి ఫోన్లోనే చెప్పండి: మామిడాకుల తోరణం వద్దు, విత్తనాల దండలు, గడ్డితో అల్లినవి ఏమున్నా కార్డులో రాయాలి. నెమలీకలు మన దేశం నుంచి బయటికి తేవడమే నిషేధం. ఏనుగు దంతం ముక్క, అది బొత్తాం అంత ఉన్నా, ఏ దిక్కుకీ పర్మిట్ లేకుండా కదలదు.

డబ్బు దగ్గర

సంతలో చిల్లర నోట్లు ఉంచుకోండి. రెండు మూడు వస్తువులు కలిపి "అన్నీ కలిపి ఎంతకిస్తావ్" అని అడిగితే తగ్గుతారు, ఒక్కోదాని మీద గీచి గీచి అడిగితే చిరాకు పడతారు. ఆన్‌లైన్‌లో కొంటే వస్తువు కళ్లారా చూడకుండా అడ్వాన్స్ పంపొద్దు. మీరు అమ్ముతుంటే "నీ పేఐడీ అప్‌గ్రేడ్ చేయాలి, ముందు కొంత కట్టు" అని మెయిల్ వస్తే అది మోసమే. పేఐడీ మీ బ్యాంకు లోపల ఉండే సదుపాయం, అది ఎవరికీ మెయిల్ పంపదు, డబ్బు అడగదు.

మన పనివాళ్లకి ఇంకొకటి. సంతలో పేరున్న కంపెనీ డ్రిల్లు, గ్రైండర్ నాలుగో వంతు ధరకి ఉండి, నంబరు ప్లేటు గీకేసి ఉంటే అది ఏదో సైటు నుంచి పోయినదే. కొన్నవాడికీ కేసు ఉంటుంది, వీసా మీద ఉన్నవాడికి ఆ కేసు రెండింతలు. చెక్కిన పేరు కనబడినా కొనొద్దు, ఆ పేరున్న మనిషి పొద్దున ఏ యూట్ తలుపు పగిలిపోయి చూసుకున్నాడో మనకి తెలుసు.

ఇక్కడ కొన్నవి ఊరికి పట్టుకెళ్లేవాళ్లు రసీదు ఉంచుకోండి. సంతలో రసీదు ఇవ్వరు కాబట్టి వస్తువు, స్టాలు కలిపి ఒక ఫోటో, తేదీ, ధర ఫోన్లో రాసుకోండి. పింగాణీ, ఇత్తడి లాంటి మామూలు సామానుకి ఇబ్బంది ఉండదు. ఇక్కడి ఆదివాసీల పాత వస్తువులకి మాత్రం ఆస్ట్రేలియా 1986 చట్టం ప్రకారం పర్మిట్ అవసరం కావచ్చు, కాబట్టి పాత బూమరాంగ్, డాలు లాంటివి కొనే ముందే కనుక్కోండి. పింగాణీ కప్పుల్ని చీరల్లో చుట్టకండి, జారిపోతాయి. టవల్‌లో విడివిడిగా చుట్టి, సాసర్లు నిలువుగా పెట్టి, చేతి బ్యాగులోనే వేసుకోండి.